మన శాసనసభ కార్యదర్శిని ఎవరు నియమిస్తారు? అమెరికా రాష్ట్రాల్లో కమిటీ ఓటు వేసి పెడుతుందట, మనకు అలాంటిది ఉందా?

చిత్రావతి (అనంతపురం):

అనంతపురంలో లా చదువుతున్నాను. రాజ్యాంగం పేపర్లో రాష్ట్ర శాసనసభ చాప్టర్ చదువుతుంటే స్పీకర్ ఎన్నిక, మనీ బిల్లు, సభా హక్కులు అన్నీ పేజీలకు పేజీలు ఉన్నాయి గానీ సభను రోజూ నడిపించే అధికారుల గురించి ఒక్క పేరాతో సరిపెట్టారు. కార్యదర్శి అంటే ఎవరు, ఆయన్ని ఎవరు ఎంచుకుంటారు, నోటిఫికేషన్ పడుతుందా, ఇంటర్వ్యూ ఉంటుందా, ఎవరు తీసేయగలరు, ఇవేవీ పుస్తకంలో దొరకలేదు. మా లెక్చరర్ గారిని అడిగితే "స్పీకర్ చూసుకుంటారు, పరీక్షకు అంతవరకు చాలు" అన్నారు. పరీక్షకు చాలేమో గానీ నాకు చాలలేదు.

ఈ డౌట్ ఎక్కడి నుంచి వచ్చిందంటే, మా పెదనాన్న కొడుకు అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో ఉంటాడు. అక్కడ శాసనసభకు ఒక చిన్న కమిటీ ఉంటుందట, రెండు సభల నాయకులు, అధికార పక్షం, ప్రతిపక్షం అందరూ అందులో ఉంటారట, పై స్థాయి అధికారుల్ని ఆ కమిటీయే ఓటు వేసి నియమిస్తుందట. ప్రతిపక్ష నాయకుడు కూడా చెయ్యెత్తితేనో దించితేనో లెక్కలోకి వస్తుందట. అది విన్నప్పటి నుంచి మన దగ్గర పద్ధతి ఏంటో తెలుసుకోవాలనిపిస్తోంది. మనకు 175 మంది ఎమ్మెల్యేలు, 58 మంది ఎమ్మెల్సీలు ఉన్నారు కదా, వీళ్లలో ఎంతమందికి ఈ నియామకంలో మాట ఉంటుంది? తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి. పార్టీల గొడవ వద్దు, పద్ధతి గురించే అడుగుతున్నాను.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు):

అమ్మా, మంచి ప్రశ్న. నేను కర్నూల్లో ప్రాక్టీసు చేస్తున్నాను, ఈ విషయం మీద కొంత చదివాను కాబట్టి చెప్తాను.

రాజ్యాంగంలో 187వ అధికరణ తీసి చూడు, మూడే మూడు క్లాజులు. మొదటిది, రాష్ట్ర శాసనసభకు విడిగా సచివాలయ సిబ్బంది ఉండాలి అంటుంది, అంటే ప్రభుత్వ ఉద్యోగుల గుంపులోంచి అప్పు తెచ్చుకునే ఏర్పాటు కాదు. మండలి కూడా ఉన్న రాష్ట్రంలో రెండు సభలకూ కలిపి ఉమ్మడి పోస్టులు పెట్టుకోవచ్చని అక్కడే ఉంది. రెండోది, ఈ సిబ్బంది నియామకాలు, సర్వీసు నిబంధనల మీద శాసనసభ చట్టం చేసుకోవచ్చు. మూడోది, అలాంటి చట్టం చేసేదాకా గవర్నర్, స్పీకర్‌తో లేదా మండలి ఛైర్మన్‌తో సంప్రదించి రూల్స్ చేయవచ్చు. పార్లమెంటుకు ఇదే మాట 98వ అధికరణలో ఉంది.

ఇక్కడ నీలాంటి లా స్టూడెంట్ గట్టిగా పట్టుకోవాల్సింది రెండో క్లాజు. రాజ్యాంగం రాసినవాళ్లు తలుపు తెరిచి పెట్టారు, "మీ అధికారుల్ని ఎలా ఎంచుకోవాలో మీరే చట్టం చేసుకోండి" అన్నారు. మూడో క్లాజు తాత్కాలిక ఏర్పాటు మాత్రమే. కానీ పార్లమెంటే చూడు, లోక్‌సభ సచివాలయం ఇప్పటికీ 1955లో చేసిన రిక్రూట్‌మెంట్ రూల్స్ మీద నడుస్తోంది, చట్టం చేయలేదు. తాత్కాలికం అన్నది ఏడు దశాబ్దాలు అయింది.

ఆ పద్ధతిలో లోక్‌సభ సెక్రటరీ జనరల్‌ను, అంటే అక్కడి కార్యదర్శిని, నియమించేది స్పీకర్. రాష్ట్రాల్లోనూ ఎక్కువగా స్పీకర్ నిర్ణయమే, ఉమ్మడి పోస్టులైతే మండలి ఛైర్మన్ కూడా ఉంటారు. సచివాలయంలోనే సెక్షన్ ఆఫీసర్ నుంచి పైకొచ్చిన వాళ్లు ఒక దారి, డిప్యుటేషన్ మీద బయటి నుంచి వచ్చేవాళ్లు ఇంకో దారి, కొన్ని రాష్ట్రాల్లో జ్యుడీషియల్ సర్వీసు నుంచి తెచ్చుకుంటారు. బిజినెస్ అడ్వైజరీ కమిటీ, రూల్స్ కమిటీ, పిటిషన్స్ కమిటీ అని మనకు బోలెడు కమిటీలు ఉన్నాయి, ఒక్కదానికీ ఈ నియామకంలో పని లేదు. కాబట్టి నీ ఆఖరి ప్రశ్నకు జవాబు ఇదే, మామూలు సభ్యుడికి మాట లేదు, ప్రతిపక్ష నాయకుడికీ లేదు.

విడి సచివాలయం అన్నది ఊరికే వచ్చింది కాదు. 1925లో కేంద్ర శాసనసభకు ఎన్నికైన మొదటి అధ్యక్షుడు విఠల్‌భాయ్ పటేల్. అప్పట్లో సభ సిబ్బంది అంతా ప్రభుత్వ శాఖ కింద ఉండేవాళ్లు, అంటే సభ ఎవర్ని ప్రశ్నించాలో వాళ్ల చేతి కిందే సభ గుమాస్తాలు. ఆయన దీని మీద పట్టుబట్టాడు, 1928 సెప్టెంబరులో మోతీలాల్ నెహ్రూ తీర్మానం పెట్టాడు, 1929 జనవరి 10న సభకు ప్రత్యేక శాఖ ఏర్పడింది. బ్రిటిష్ వాళ్ల కాలంలో అంత కొట్లాడి తెచ్చుకున్నది ప్రభుత్వం నుంచి విడిపోవడం. కానీ విడిపోయాక ఎవరి చేతిలో ఉండాలి, ఒక్క మనిషి చేతిలోనా, సభ అందరి చేతిలోనా అన్న రెండో సగం మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

కడపోడు_విచిటాలో:

మాది కడప, విచిటాలో ఉంటాను, అది కాన్సస్ రాష్ట్రమే. మీ అన్న చెప్పింది నిజమే గానీ ఒక ముఖ్యమైన తేడా మిస్ అయ్యాడు, అది చెప్పకపోతే పోలిక తప్పుదారి పడుతుంది.

ఇక్కడి కమిటీ పేరు లెజిస్లేటివ్ కోఆర్డినేటింగ్ కౌన్సిల్. సెనేట్ ప్రెసిడెంట్, హౌస్ స్పీకర్, రెండు సభల్లోనూ మెజారిటీ నాయకులు, మైనారిటీ నాయకులు అంటే ప్రతిపక్ష నాయకులు, ఇలా నాయకత్వం అంతా అందులో ఉంటుంది. సభలు జరగని నెలల్లో శాసనసభ తరఫున పాలనా వ్యవహారాలు చూసేది వీళ్లే. పరిశోధన విభాగం డైరెక్టర్, చట్టాల ముసాయిదా రాసే రివైజర్, పాలనా సేవల డైరెక్టర్, ఈ ముగ్గురినీ ఆ కౌన్సిల్ నియమిస్తుంది. ఆడిటర్‌ను ఇంకో కమిటీ, అంటే పోస్ట్ ఆడిట్ కమిటీ నియమిస్తుంది.

తేడా ఏంటంటే, మన కార్యదర్శి లాంటి పోస్టు, అంటే సభలో స్పీకర్ ముందు కూర్చుని రికార్డులు, ఓట్లు, నోటీసులు చూసే క్లర్కు పోస్టు, దాన్ని మామూలుగా ఈ కమిటీలు నియమించవు. చాలా రాష్ట్రాల్లో ఆ సభ సభ్యులే ఎన్నుకుంటారు, కొన్ని చోట్ల స్పీకరో ప్రెసిడెంటో పెట్టుకుంటారు. కమిటీ నియమించేది అన్ని పార్టీలకూ కలిపి పనిచేసే నిపుణుల్ని, బిల్లు రాసిచ్చేవాళ్లు, బడ్జెట్ లెక్క కట్టేవాళ్లు, ఆడిట్ చేసేవాళ్లు. మనకైతే బిల్లు రాసేది ప్రభుత్వ న్యాయశాఖ, లెక్కలు చెప్పేది ఆర్థిక శాఖ, ఎమ్మెల్యేకు సొంతంగా అడిగి తెలుసుకోవడానికి పెద్దగా ఎవరూ లేరు. అసలు లోటు అక్కడుంది అని నా అభిప్రాయం. కాన్సస్‌లో 1933లోనే లెజిస్లేటివ్ కౌన్సిల్ అని పెట్టి దానికి పరిశోధన విభాగం జత చేశారు, దేశంలో అదే మొదటిది, 1971లో దాని స్థానంలో ఇప్పటి కౌన్సిల్ వచ్చింది. మొదట్నుంచీ ఆలోచన ఒకటే, గవర్నర్ చెప్పిన లెక్కను నమ్మాలా వద్దా అని చూసుకోవడానికి శాసనసభకు సొంత మనుషులు కావాలి.

నియామకం ఎలా జరుగుతుందంటే, పోస్టు ఖాళీ అయితే ముందు లోపలివాళ్లలో ఒకరికి తాత్కాలిక బాధ్యత ఇస్తారు. అర్హతలు, జీతం రాసి ప్రకటన ఇస్తారు, కొన్ని రాష్ట్రాలు దేశమంతటికీ తెలిసేలా వేస్తాయి, ఎందుకంటే ఒక రాష్ట్రంలో పనిచేసిన బడ్జెట్ అధికారి ఇంకో రాష్ట్రానికి వెళ్లడం ఇక్కడ మామూలే. కమిటీలోంచి కొందరు కూర్చుని దరఖాస్తులు వడపోసి ఇద్దరు ముగ్గుర్ని పిలుస్తారు. వ్యక్తి గురించి మాట్లాడేటప్పుడు తలుపులు మూసుకుని మాట్లాడుకోవచ్చు, అది చట్టంలోనే ఉంది, కానీ నిర్ణయం మాత్రం లోపల చేయకూడదు. బయటికొచ్చి, బహిరంగ సమావేశంలో ఒకరు ప్రతిపాదించి ఇంకొకరు బలపరిచి ఓటు వేయాలి, అది మినిట్స్‌లో ఎక్కుతుంది. ఎవరు అవునన్నారు, ఎవరు కాదన్నారు అన్నది మీరూ నేనూ చదవొచ్చు. నాకు ఇందులో బాగా నచ్చింది ఈ చివరి మెట్టే.

పెన్నా_ఇసుక:

అన్నీ చదివాను. ఒక్క మాట అడుగుతాను, స్పీకర్‌ను సభ ఎన్నుకుంది, ఆయన కార్యదర్శిని నియమించాడు, ఇందులో తప్పేముంది? ప్రతి పోస్టుకూ కమిటీ, కమిటీలో ప్రతిపక్షం అంటే ఏ నియామకమూ జరగదు, సంవత్సరాల తరబడి ఇన్‌చార్జిలతో నడపాల్సి వస్తుంది. మన దగ్గర ఇప్పటికే ఇన్‌చార్జిల కంపు తక్కువగా ఉందా? పైగా మన అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి గారు 1967లో లోక్‌సభ స్పీకర్ అవగానే పార్టీ సభ్యత్వానికే రాజీనామా చేశారు. అలాంటి స్పీకర్ ఉంటే ఏ కమిటీ అక్కర్లేదు.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు):

పెన్నా అన్నా, సంజీవరెడ్డి గారి ఉదాహరణ నువ్వే తెచ్చావు కాబట్టి దాన్నే అడుగుతాను. ఆయన రాజీనామా చేయాలని ఏ రూలూ చెప్పలేదు, ఆయనంతట ఆయన చేశారు. ఆయన తర్వాత వచ్చిన స్పీకర్లలో అలా చేసినవాళ్లు ఎంతమంది? ఒక మంచి మనిషి స్వభావం మీద ఆధారపడిన ఏర్పాటు ఆ మనిషి దిగిపోగానే అయిపోతుంది.

ఇంకో విషయం చూడు. స్పీకర్‌ను తొలగించాలంటే 179వ అధికరణ ప్రకారం కనీసం 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు రాతపూర్వకంగా ఎవరికి ఇవ్వాలి? లోక్‌సభ రూల్స్‌లో 200వది చూస్తే సెక్రటరీ జనరల్‌కు. రాష్ట్రాల్లోనూ కార్యదర్శికే. అంటే స్పీకర్ మీద అవిశ్వాసం కాగితం అందుకునేది, అది సక్రమంగా ఉందా లేదా అని మొదట చూసేది, ఆ స్పీకరే నియమించిన అధికారి. తీర్మానం చర్చకు వచ్చినప్పుడు స్పీకర్ అధ్యక్ష స్థానంలో కూర్చోకూడదని 181వ అధికరణ జాగ్రత్త పడింది, కానీ కాగితం చేరే టేబుల్ గురించి ఏ జాగ్రత్తా లేదు. అలాగే రాజ్యసభ ఎన్నికలకు, ఎమ్మెల్యేల ఓటుతో జరిగే మండలి ఎన్నికలకు రిటర్నింగ్ అధికారిగా మామూలుగా శాసనసభ సచివాలయం అధికారినే పెడతారు. ఇది గుమాస్తా ఉద్యోగం కాదన్నా. నిష్పక్షపాతంగా ఉండాల్సిన చోట కూర్చునే ఉద్యోగం.

2020 సంగతి మన కర్నూలు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఎందుకంటే కర్నూలు న్యాయ రాజధాని అన్న మాట అప్పటి మూడు రాజధానుల బిల్లులోనే ఉంది. ఎవరిది న్యాయం అనే చర్చలోకి నేను పోను, చిత్రావతి అడిగినట్టు పద్ధతి మాత్రమే చూద్దాం. జనవరి 22న మండలి ఛైర్మన్ షరీఫ్ గారు తన విచక్షణాధికారం కింద ఆ వికేంద్రీకరణ బిల్లును, సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) రద్దు బిల్లును సెలెక్ట్ కమిటీకి, అంటే బిల్లును వివరంగా పరిశీలించే సభ్యుల కమిటీకి, పంపుతున్నట్టు ప్రకటించారు. తర్వాత ఆ కమిటీలు ఏర్పాటు చేయమన్న ఫైలు కార్యదర్శి దగ్గరికి వెళ్తే, ఇది నిబంధనల ప్రకారం కుదరదని తిరిగి వచ్చింది. ఛైర్మన్ వెళ్లి గవర్నర్‌కు ఫిర్యాదు చేశారు. కమిటీలు ఏర్పడనే లేదు.

ఇప్పుడు ఒకరంటారు, ఛైర్మన్ ఆదేశాన్ని అధికారి ఆపడమేంటి అని. ఇంకొకరంటారు, రూలుకు విరుద్ధమైతే అధికారి చెప్పొద్దా అని. రెండు వాదాల్లోనూ బలం ఉంది. కానీ ఈ రెండింటికీ ముందు తేలాల్సింది ఒకటుంది. సభకు, మండలికి కలిపి ఒకే సచివాలయం ఉన్నప్పుడు, సభలో ఒక పార్టీకి, మండలిలో ఇంకో పార్టీకి బలం ఉన్నప్పుడు, ఆ అధికారి ఎవరి మనిషి? ఎవరు పెట్టారు, ఎవరు తీయగలరు, ఎవరి సంతకంతో ఎక్స్‌టెన్షన్ వస్తుంది? రెండు పక్షాలూ ఓటు వేసి పెట్టుకున్న అధికారి అయ్యుంటే, ఆయన ఫైలు తిప్పి పంపినా సరే, కమిటీ వేసినా సరే, ఎవరో చెప్తే చేశాడన్న మాట అంత సులభంగా పుట్టేది కాదు. ఆయన రాసింది సరైనదే అయినా ఆయన మాటను సగం మంది నమ్మే పరిస్థితి లేకపోయింది, నాకు బాధ అనిపించేది అదే.

మల్లేల_రిటైర్డ్ (కడప):

అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్‌లో పనిచేసి రిటైరయ్యాను, ఏ జిల్లా అన్నది అప్రస్తుతం. మీరు రాష్ట్ర స్థాయి గురించి మాట్లాడుతున్నారు, కింద కూడా ఇదే కథ కాబట్టి చెప్తున్నాను.

జిల్లా పరిషత్‌కు ఎన్నికైన ఛైర్మన్ ఉంటాడు, జడ్పీటీసీ సభ్యులు ఉంటారు, ఏడు స్థాయీ సంఘాలు ఉంటాయి, ప్రణాళిక ఆర్థికం, గ్రామీణాభివృద్ధి, వ్యవసాయం, విద్య వైద్యం, స్త్రీ సంక్షేమం, సాంఘిక సంక్షేమం, పనులు. 1994 పంచాయతీరాజ్ చట్టంలోనే ఉన్నాయి ఇవన్నీ. కానీ ముఖ్య కార్యనిర్వహణాధికారిని పంపేది ప్రభుత్వం. ఏ సంఘమూ అడగదు, ఏ సభ్యుడూ అడగడు. నేనున్న చోట బాగా పనిచేస్తున్న ఒక సీఈఓ గారిని, స్కూళ్ల మరుగుదొడ్ల పనులు సగంలో ఉండగా, ఒక సాయంత్రం ఉత్తర్వు వచ్చి మార్చేశారు. స్థాయీ సంఘం మరుసటి వారం కూర్చుని "ఆయన ఏరీ" అని మమ్మల్ని అడిగింది. సభ్యులకు ఆ ఉత్తర్వు కాపీ కూడా ఎవరూ పంపలేదు. ఆ తర్వాత వచ్చినాయన మంచివారే, కాదనను, కానీ ఆయనకు పనులన్నీ మళ్లీ మొదట్నుంచి చెప్పుకోవడానికే చాలా కాలం పట్టింది, కాంట్రాక్టరు ఈ సందులో పని వదిలేసి పోయాడు.

అప్పుడు నాకు అర్థమైంది ఏంటంటే, ఉద్యోగి కళ్లు ఎప్పుడూ తన బదిలీ ఉత్తర్వు ఎక్కడి నుంచి వస్తుందో అటే ఉంటాయి. ఇది చెడ్డతనం కాదు, పిల్లల చదువులు, అద్దె ఇల్లు, అన్నీ దాంతో ముడిపడి ఉంటాయి. ఛైర్మన్ గారు ఎదురుగా కూర్చుని ఎంత మాట్లాడినా ఉద్యోగి మనసు విజయవాడ వైపే ఉంటుంది. కాబట్టి అమ్మా చిత్రావతీ, నియామకం ఎవరు చేస్తారు అని నువ్వు అడిగినదాంతో పాటు ఇంకోటి కూడా అడుగు, తీసేయాలంటే ఎవరు తీయాలి, కారణం చెప్పాలా వద్దా. నా అనుభవంలో అదే పెద్ద ప్రశ్న.

కడపోడు_విచిటాలో:

మల్లేల సార్ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఇక్కడ కూడా బలహీనత అక్కడే ఉంది. చాలా రాష్ట్రాల్లో ఈ డైరెక్టర్లు కమిటీకి ఇష్టం ఉన్నంత కాలమే ఉంటారు, కమిటీలో మెజారిటీ ఒక పార్టీదే అయితే ప్రతిపక్షం ఓటు మినిట్స్‌లో ఎక్కుతుంది తప్ప ఆపలేదు. అందుకే కొన్ని రాష్ట్రాలు ఇంకో అడుగు వేశాయి.

కొలరాడో సంగతి చెప్తాను, నాకు అన్నిటికన్నా గట్టిగా అనిపించేది అదే. అక్కడ స్టేట్ ఆడిటర్ శాసనసభ మనిషి. ఆడిట్ కమిటీలో ఎనిమిది మంది, నలుగురు సెనేటర్లు, నలుగురు ప్రతినిధులు, రెండు పార్టీలకూ సమానంగా సీట్లు. అంటే ఎవరి పేరు ముందుకు వెళ్లాలన్నా అవతలి పార్టీ నుంచి కనీసం ఒక్కరైనా ఒప్పుకోవాలి. తర్వాత రెండు సభలూ మెజారిటీతో నియమించాలి, పార్టీ చూడకూడదని రాజ్యాంగంలోనే రాశారు, మనిషి సర్టిఫైడ్ అకౌంటెంట్ అయ్యుండాలి, పదవీకాలం ఐదేళ్లు. మధ్యలో తీయాలంటే కారణం చూపించి రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల ఓటు కావాలి. సార్ అడిగిన రెండు ప్రశ్నలకూ ఒక్కచోట జవాబు ఉంది చూడండి.

కాలిఫోర్నియాలో లెజిస్లేటివ్ అనలిస్ట్ అని 1941 నుంచి ఉన్న పోస్టు, గవర్నర్ బడ్జెట్‌ను విశ్లేషించి నివేదికలు ఇస్తారు, ఆయన్ని నియమించేది 16 మంది సభ్యులున్న ఉమ్మడి బడ్జెట్ కమిటీ, ఎనిమిది మంది సెనేట్ నుంచి, ఎనిమిది మంది అసెంబ్లీ నుంచి. విస్కాన్సిన్‌లో బడ్జెట్ బ్యూరో డైరెక్టర్‌గా 1977లో చేరిన ఒకాయన నాలుగు దశాబ్దాలు దాటి అదే కుర్చీలో పనిచేశారు, మధ్యలో అధికారం ఎన్నిసార్లు చేతులు మారిందో. ఏ పార్టీ వచ్చినా ఆయన లెక్కనే వాడుకున్నారు. పెన్నా అన్న భయపడినట్టు ప్రతిపక్షానికి మాట ఇస్తే పని ఆగిపోవాలి కదా, మరి ఇన్నేళ్లు ఎలా నడిచింది?

పెన్నా_ఇసుక:

సరే, కొలరాడో పద్ధతి బాగుంది, ఒప్పుకుంటాను. కానీ వాళ్లకు రెండే పార్టీలు. మన దగ్గర ఒక్కోసారి సభలో ప్రతిపక్ష నాయకుడి హోదా ఎవరికి ఇవ్వాలన్న దాని మీదే గొడవ. సమాన సీట్లు అంటే ఎవరికెవరికి సమానం? మిగతా సభ్యులు తక్కువ ఉన్నప్పుడు ఇద్దరు ముగ్గురు మొత్తం నియామకాన్ని పట్టుకుని కూర్చోరా? దీనికి ఎవరైనా జవాబు చెప్పండి, ఊరికే అడ్డం మాట్లాడ్డానికి అడగడం లేదు.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు):

ఇది మంచి ప్రశ్న అన్నా, దీనికి జవాబు మన దేశంలోనే ఉంది. లోకాయుక్త, సమాచార కమిషనర్ల ఎంపిక చూడు. రాష్ట్ర సమాచార కమిషనర్లను ఎంచే కమిటీలో ముఖ్యమంత్రి, ప్రతిపక్ష నాయకుడు, ముఖ్యమంత్రి సూచించిన ఒక మంత్రి ఉంటారు, సమాచార హక్కు చట్టంలో 15వ సెక్షన్. గుర్తింపు పొందిన ప్రతిపక్ష నాయకుడు లేకపోతే, ప్రతిపక్షంలో అతి పెద్ద పక్షం నాయకుడినే ప్రతిపక్ష నాయకుడిగా భావించాలని అదే సెక్షన్ వివరణలో రాశారు. కాబట్టి హోదా గొడవకు మందు చట్టం రాసేటప్పుడే వేసుకోవచ్చు. ఆ కమిటీలో ఇద్దరు ప్రభుత్వం వాళ్లే కాబట్టి అది కూడా గొప్ప ఏర్పాటు అని నేను అనను. మన శాసనసభ కోసం రాసుకుంటే స్పీకర్, మండలి ఛైర్మన్, సభా నాయకుడు, రెండు సభల ప్రతిపక్ష నాయకులు, ఈ ఐదుగురు చాలు అనిపిస్తుంది. ఎవరికీ వీటో వద్దు, కానీ ఒప్పుకోనివాళ్లు కారణం రాయాలి, ఆ కాగితం సభ ముందు పెట్టాలి. పదవీకాలం నిర్ణయించాలి, రిటైర్మెంట్ తర్వాత ఎక్స్‌టెన్షన్ అసలు ఉండకూడదు, ఎక్స్‌టెన్షన్ కోసం ఎదురుచూసే మనిషి ఏ ఫైలు మీదా ధైర్యంగా రాయలేడు. నియామకం అయ్యేదాకా ఇన్‌చార్జి ఇన్ని నెలలకు మించకూడదని గడువు పెట్టాలి, దాంతో నీ రెండో భయమూ తీరుతుంది.

ఇదంతా చేయడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. 187లో రెండో క్లాజు కింద వెలగపూడిలో కూర్చుని మామూలు మెజారిటీతో చేసుకోవచ్చు. 1953లో మన కర్నూల్లో సభ మొదలైనప్పుడూ ఆ అధికారం ఉంది, ఇప్పుడూ ఉంది.

చిత్రావతి (అనంతపురం):

అందరికీ చాలా థాంక్స్, ఇన్ని విషయాలు ఒక్కచోట నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. మల్లేల సార్, తీసేసే ప్రశ్న నాకు తట్టనే లేదు, దాన్నే నా ప్రాజెక్టులో ముందు పెడతాను. హంద్రీ అన్నా, మన రాష్ట్రంలో ఇప్పుడున్న రూల్స్ కాపీ, అంటే కార్యదర్శి పోస్టుకు అర్హతలు, నియామక పద్ధతి రాసి ఉన్నది, ఆర్టీఐ వేస్తే ఇస్తారా? శాసనసభకు ఆర్టీఐ వర్తిస్తుందా, సభా హక్కులు అని తిప్పి పంపరా?

హంద్రీ_ఒడ్డు (కర్నూలు):

వర్తిస్తుంది. సభా హక్కులకు భంగం కలిగించే సమాచారానికి 8వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది గానీ, సర్వీసు రూల్స్ అందులోకి రావు, అవి గెజిట్‌లో అచ్చయ్యేవి. నిజానికి 4వ సెక్షన్ ప్రకారం ఎవరూ అడగకుండానే బయట పెట్టాల్సినవి. ముందు వెబ్‌సైట్లో వెతుకు, లేకపోతే శాసనసభ సచివాలయం పౌర సమాచార అధికారి పేరు మీద వెలగపూడికి స్పీడ్ పోస్టు పంపు, రసీదు దాచుకో. ఒక జాగ్రత్త, 28వ సెక్షన్ కింద శాసనసభకు తన ఫీజు రూల్స్ తాను చేసుకునే అధికారం ఉంది కాబట్టి కలెక్టరాఫీసులో కట్టే పది రూపాయలే ఇక్కడా అనుకోవద్దు, ఫోన్ చేసి కనుక్కుని కట్టు. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే ఆ తర్వాత 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేసుకో. "ఎందుకు" అని అడగొద్దు, కాగితాలు అడుగు. అభిప్రాయం అడిగితే జవాబు చెప్పాల్సిన పని లేదంటారు, ఫలానా కాపీ ఇవ్వండి అంటే ఇవ్వాల్సిందే.

చిత్రావతి (అనంతపురం):

ఇలా రాశాను, చూసి ఏమైనా మార్చాలంటే చెప్పండి, సోమవారం పోస్టు చేస్తాను. ఒకటి, 187వ అధికరణ మూడో క్లాజు కింద ప్రస్తుతం అమల్లో ఉన్న నియామక, సర్వీసు నిబంధనల కాపీ, సవరణలతో సహా. రెండు, కార్యదర్శి పోస్టుకు నిర్ణయించిన అర్హతలు, నియామక పద్ధతి, నియమించే అధికారి ఎవరో తెలిపే ఉత్తర్వు కాపీ. మూడు, రెండు సభలకూ ఉమ్మడిగా ఉన్న పోస్టుల జాబితా, వాటి మీద క్రమశిక్షణ అధికారం ఎవరిదో తెలిపే ఉత్తర్వు. నాలుగు, 2014 జూన్ 2 నుంచి ఇప్పటివరకు కార్యదర్శిగా, ఇన్‌చార్జి కార్యదర్శిగా పనిచేసిన వారి నియామక, కొనసాగింపు ఉత్తర్వుల కాపీలు.

మల్లేల_రిటైర్డ్ (కడప):

నాలుగో దాంట్లో "రిలీవ్ చేసిన ఉత్తర్వులు" అని కూడా కలుపమ్మా. ఎలా వచ్చారో ఇస్తారు, ఎలా పోయారో అడగకపోతే ఇవ్వరు.